వెనక్కి తిప్పి చూసే అబ్బాయి

“కట్టెయ్యి నాయనా, పీడా పోతుంది.”

“కట్టనండి మామ్మగారూ.”

“నూట ఎనిమిది డాలర్లకి ప్రాణం పోతుందా నీకు?”

“ప్రాణం కాదండి, పరువు పోతుంది. ఉచితం అని బోర్డు పెట్టి లోపలికి పిలిచాడు. తలుపేశాడు. ఇప్పుడు నోరు విప్పాలంటే డబ్బు కట్టమంటున్నాడు. అలాంటివాడికి నేను కట్టాలా?”

“వాడి మొహం చూసి కట్టమన్నానా? ఆ పిల్ల మొహం చూసి కట్టు.”

“మీరే కదండీ చెప్పింది, ఊరికే ఇస్తానన్నవాడికి ఒక్కసారి చెయ్యి తడిపితే ఇక తడుపుతూనే ఉండాలని?”

“నేను కరివేపాకు సంగతి చెప్పాను!”

“కరివేపాకైనా కాపురమైనా షరతులు షరతులేనండి.”

అంతదాకా పొయ్యి దగ్గర వింటున్న మా అమ్మాయి వెనక్కి తిరిగింది. “అమ్మా, నువ్వు ఒకరిని డబ్బు ఖర్చుపెట్టమనడం ఫస్ట్ టైమ్ వింటున్నా. ఇంకోసారి అను, రికార్డ్ చేసుకుంటా.”

ఈ పోట్లాట కంగారూల దేశంలో, పాయింట్ కుక్‌లో, మా అమ్మాయి ఇంటి వంటింట్లో, ఒక శనివారం మధ్యాహ్నం జరిగింది. జూన్ నెల, ఇక్కడ చలికాలం. బయట ఈదురుగాలి, వాన. బల్లకి అటు నేను, ఇటు మా ముందు గదిలో అద్దెకుండే అబ్బాయి. మధ్యలో అతని ఫోను, అందులో రెండు చెంచాలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్న బొమ్మ. పెళ్లికాని ఆడామగా ఒకరినొకరు వెతుక్కునే యాప్ అది. మర్నాడు పొద్దున్న ఎనిమిదింటి లోపల డబ్బు కట్టకపోతే, వారంగా అతనితో మాట్లాడుతున్న అమ్మాయిని అందులోంచి తీసేస్తానని నోటీసు పెట్టింది. ఆమె ఫోన్ నంబరు ఇతని దగ్గర లేదు. ఇతని నంబరు ఆమె దగ్గర లేదు. ఇతను డబ్బు కట్టడు. సంగతి అదీ.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, మొన్న మినప్పప్పు కడుగుతుంటే నా ఫోను టింగుమంది. చేతులు తడిగా ఉన్నాయని మా అమ్మాయిని చదవమన్నాను. చదివి పొట్ట పట్టుకుని నవ్వింది. ‘హాయ్! మీ చుట్టుపక్కల పదకొండుమంది మీ కోసం ఎదురుచూస్తున్నారు’ అని ఉందట. నాకు డెబ్బై రెండేళ్లు. ఈ చుట్టుపక్కల నా కోసం ఎదురుచూసేవాడు మోకాళ్ల డాక్టరొక్కడే, అతను కూడా ఫీజు కోసం చూస్తాడు. ఆ అబ్బాయి అప్పట్లో నా నంబరు పెట్టి ఆ యాప్‌లో చేరాడు. తన నంబరు మీద ఉచిత వారం అంతకుముందే అయిపోయింది మరి. అతను మా ఇల్లు ఖాళీ చేసి రెండేళ్లయినా రెండు చెంచాలవాళ్లు నన్ను వదలడం లేదు.

అతని పేరు రాయను. పేరు ఇచ్చిన చోటల్లా ఎవడో ఒకడు దాన్ని పట్టుకుని ఫోన్ చేసి ఏదో అమ్ముతాడని అతని నమ్మకం. ఆ మాట నాకూ నిజమే అనిపిస్తుంది.

గది చూడ్డానికి వచ్చిన రోజు కాఫీ ఇచ్చాను. తాగాడు. తాగి, కప్పు తలకిందులు చేసి అడుగున చూశాడు. తరవాత కుర్చీ వంచి కాళ్ల కింద చూశాడు. గదిలో పరుపు ఎత్తి చూశాడు. అద్దె కాగితం ఇస్తే చివరి పేజీ రెండుసార్లు చదివాడు.

“ఏం నాయనా, ఏమైనా పోయిందా?” అన్నాను.

“లేదండి, అలవాటు. చెప్పాల్సింది ఎవరైనా అడుగునే రాస్తారు.”

అతను వెళ్లాక మా అమ్మాయి, “అమ్మా, హీ ఈజ్ వెరీ స్ట్రేంజ్, వద్దు,” అంది. నేను గది అతనికే ఇమ్మన్నాను. ఈ దేశం వచ్చాక వస్తువు అడుగు చూసి కొనే మనిషిని అదే చూడ్డం. ఇక్కడివాళ్లు బొమ్మ చూసి కొంటారు. మావాళ్లు ఇంకా నయం, పక్కింటివాళ్లు కొన్నారని కొంటారు.

ముప్ఫై నాలుగేళ్లవాడు. సన్నగా, కాస్త ముందుకు వంగి నడిచేవాడు, నేల మీద కూడా ఏదో రాసి ఉన్నట్టు. సిటీలో ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగం. చెట్టు తుఫానుకి కూలితే డబ్బిస్తారు, మామూలు గాలికి కూలితే ఇవ్వరు. కూల్చింది ఏ గాలో తేల్చి రాయడం అతని పని. పొద్దున్న నేను కట్టిన టిఫిన్ డబ్బా పట్టుకుని బస్సెక్కేవాడు, సాయంత్రం డబ్బా కడిగి, తుడిచి, మూత విడిగా ఇచ్చేవాడు. అందరూ వాడి పారేసే ప్లాస్టిక్ జిప్ సంచులు సబ్బు పెట్టి కడిగి, బట్టల తీగ మీద క్లిప్పులు పెట్టి ఆరేసేవాడు. గాలికి అవి పొట్టలు ఉబ్బించుకుని ఊగేవి. మా అల్లుడికి తలవంపుగా ఉండేది. నాకు కడుపు నిండినట్టుండేది.

అలాంటివాడికి పెళ్లి కావాలి. అక్కడ వచ్చింది చిక్కు.

మన పెళ్లిసంబంధాల సైట్లు చూశాడు. వాటిలో వెండి, బంగారం, వజ్రం అని మెట్లున్నాయట. “వెండివాడికి అమ్మాయి వయసు కనిపిస్తుందండి. బంగారంవాడికి మొహం కనిపిస్తుంది. వజ్రంవాడికి వాళ్ల నాన్నగారి ఫోన్ నంబరిస్తారు,” అన్నాడు. “మరి అమ్మాయి నంబరు?” అన్నాను. “అది ఏ లోహంలోనూ లేదండి.”

అందుకని ఇక్కడి యాప్‌లలో పడ్డాడు. అతనికి కావలసింది ఒక్కటే: ఊరికే ఉండాలి, నమ్మకంగా ఉండాలి, లోపల దాచిపెట్టిన ఫీజు ఉండకూడదు. ప్రతి ఆదివారం నేను గోంగూర ఒలుస్తుంటే ఎదురుగా కూచుని ఏదో ఒక యాప్ తెరిచి నియమాలు చదివేవాడు. పైకే చదివేవాడు. కుడిచేతి చూపుడువేలు ఫోను మీద పైకి తోసుకుంటూ, ఎడంచేత్తో తెలియకుండా గోంగూర ఒలుస్తూ. నేను చదివింది అయిదో తరగతి. నాకు యాప్‌లు తెలియవు, బేరం తెలుసు. ఆదివారం సంతలో బెండకాయ కొస విరిచి చూస్తే ఆ వియత్నాం ఆవిడ అరుస్తుంది. అయినా విరుస్తాను. ఆవిడా అరుస్తుంది. ఎనిమిదేళ్లుగా ఇలా జరుగుతోంది, ముదురు బెండకాయ మాత్రం మా ఇంటికి రాలేదు.

కరివేపాకు సంగతి కూడా చెప్పాలి. మా వీధి చివర కొత్తగా పెట్టిన పచారీ కొట్టువాడు కందిపప్పు కొన్నాను కదా అని నాలుగు రెబ్బలు కొసరుగా ఇచ్చాడు. “ఆంటీ, ఫ్రీ,” అన్నాడు. పొంగిపోయాను. తరవాతి వారం ఆ కొసరు కావాలంటే కార్డు తీసుకోవాలన్నాడు. ఆ పై వారం కార్డుకి నంబరు కావాలన్నాడు. ఆ తరవాత నా ఫోనుకి రోజూ బియ్యం బస్తాల బొమ్మలు. నెల తిరిగేసరికి కార్డు నిలవాలంటే నెలకింత సరుకు కొనాలన్నాడు. ఆ కార్డు అక్కడే విరిచి వాడి బల్ల మీద పెట్టి, కుండీలో కరివేపాకు మొక్క వేశాను. చలికి చచ్చింది. మళ్లీ వేశాను. ఈ కథ ఆ అబ్బాయికి చెప్పినప్పుడు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అంత నచ్చింది.

యాప్‌ల పేర్లు నాకు నోరు తిరగవు, బొమ్మలతో గుర్తు. మొదటిది పావురం బొమ్మ. చేరడం ఊరికే. చేరగానే, ‘మిమ్మల్ని ముగ్గురు ఇష్టపడ్డారు’ అని మూడు మొహాలు చూపించింది, ముగ్గురూ స్నానాల గది అద్దం వెనక నిలబడ్డట్టు మసకగా. ఆ మసక తుడవాలంటే డబ్బు. “ఇందులో ఒకాయనకి గడ్డం ఉన్నట్టుందండి,” అని అనుమానపడి మూసేశాడు.

రెండోది గొడుగు బొమ్మ. మనం ఎన్ని ఉత్తరాలైనా రాయొచ్చు, ఊరికే. జవాబు విప్పాలంటే డబ్బు. “పోస్టుమాను ఉత్తరం తెచ్చి గుమ్మంలో నిలబడి, ముందు డబ్బిస్తేనే విప్పుతానన్నట్టు లేదూ?” అన్నాను. “ఉత్తరం ఉందో లేదో కూడా తెలియదండి. ఉందంటున్నాడు, అంతే.”

మూడోది గాలిపటం బొమ్మ. అందులో అన్నీ ఊరికే. మాట్లాడుకోవడం ఊరికే, మొహం చూడ్డం ఊరికే. అతను మూడు ఆదివారాలు చదివినా తప్పు దొరకలేదు. భయపడ్డాడు. నాలుగో ఆదివారం చివరి పేజీలో దొరికింది: బయటికి పోవడానికి ఫీజు. ఆ రోజు అతని మొహంలో వెలుగు చూడాలి. “చూశారా!” అని బల్ల గుద్దాడు. పెళ్లికూతురు దొరికినా అంత సంతోషించడేమో అనుకున్నాను.

నమ్మకం సంగతి వేరే. ఓడలో డాక్టరునని ఒకావిడ తగిలింది. అందమైన ఫోటో, చల్లని మాటలు. మూడో రోజు, ఓడ ఏదో రేవులో ఇరుక్కుంది, బహుమతి కార్డులు కొని వాటి నంబర్లు పంపమంది. ఇంకొకడైతే పంపేవాడు, లేదా తిట్టేవాడు. ఇతను ఆవిడకి పన్నెండు ప్రశ్నలు రాశాడు. ఓడ ఏ గాలికి ఆగింది, ఓడకి ఇన్సూరెన్సు ఉందా, ఉంటే చివరి పేజీ ఫోటో తీసి పంపగలరా. ఆవిడే ఇతన్ని వదిలి పారిపోయింది.

“మోసగత్తె కూడా నిన్ను భరించలేకపోయింది కదరా,” అన్నాను.

“షిప్ డీటెయిల్స్ అడిగితే తప్పేముందండి?” అన్నాడు. నిజంగానే అర్థం కాలేదు అతనికి.

ఇలా ఏడాది గడిచాక రెండు చెంచాల బొమ్మ వచ్చింది. కార్డు అడగకుండా వారం ఉచితం. తన నంబరు మీద మొదటి వారం నియమాలు చదవడానికే చాలలేదు. రెండో వారానికి నా నంబరు అడిగాడు. “నాకేమీ రాదు కదా?” అన్నాను. “రాదండి, రాసి ఉంది,” అన్నాడు. అతను తప్పుగా చదివింది అదొక్కటే అనుకునేదాన్ని. అసలు చదవనిది కూడా ఒకటుందని తరవాత తెలిసింది.

ఆ రెండో వారం మొదటి రోజే ఒక అమ్మాయి కనిపించింది. దేశానికి అటు చివర పెర్త్‌లో, కానింగ్ వేల్‌లో ఉంటుంది, మందుల షాపులో ఉద్యోగం. మన తెలుగమ్మాయే. ఫోటో నాకు చూపించాడు. పాత స్వెట్టరు, జుట్టు ముడేసుకుని, వంటింట్లో నిలబడి ఉంది. నేను మొహం చూస్తున్నాను.

“వెనక చూడండి మామ్మగారూ,” అన్నాడు.

వెనక కిటికీకి తాడు కట్టి ఉంది. తాడు మీద క్లిప్పులు. క్లిప్పులకి కడిగి ఆరేసిన జిప్ సంచులు, ఆరు.

ఆమె రాసిన మొదటి మాట, “మీరు డబ్బు కట్టారా?” అని. “లేదు,” అని ఇతను. “నేనూ కట్టలేదు,” అని ఆమె. అంతే, కలిసిపోయారు. ఆ వారం నేను గోంగూర ఒక్కదాన్నే ఒలుచుకున్నాను. నా కరివేపాకు కథ కూడా ఆమెకి రాశాడట. ఫోను ముందు పెట్టుకుని అతనిలో అతనే నవ్వుకునేవాడు. “ఏమంటుంది?” అంటే, “మందుల డబ్బాలో కాగితం ఉంటుంది కదండీ, ఆమె అది మొత్తం చదువుతుందిట. కస్టమర్లకి కూడా చదివి వినిపిస్తుందిట,” అనేవాడు, వేరేవాళ్లు వెన్నెల గురించి చెప్పినట్టు. ముక్కూమొహం తెలియనివాళ్లకి నంబరివ్వకూడదని ఇద్దరికీ నియమం. వారం చూసి, నమ్మకం కుదిరితే, శనివారం సాయంత్రం ఒకరికొకరు ఇచ్చుకుందామని ఒప్పందం చేసుకున్నారు.

శనివారం పొద్దున్న లేచి చూస్తే మాటలు రాసే చోట తాళం బొమ్మ. వారం అంటే ఆరు రాత్రులని చివరి పేజీలో రాసి ఉందట.

“నువ్వు చదవలేదా?” అన్నాను.

తల వంచుకున్నాడు. “ఆ పేజీకి వచ్చేటప్పటికి ఆమె మాట్లాడుతోందండి.”

జన్మలో చివరి పేజీ చదవనిది ఆ ఒక్కసారే.

మళ్లీ పోట్లాటలోకి వస్తాను. ఆ రోజు నేను ఎంత దూరం వెళ్లానంటే, “పోనీ ఆ డబ్బు నేనిస్తాను,” అన్నాను. మా అమ్మాయి గరిటె కింద పడేసింది.

“వాడు నోట్లు తీసుకోడండి. కార్డిస్తే ఏటేటా వాడే లాక్కుంటాడు,” అన్నాడు.

“ఆ పిల్లని కట్టమను.”

“ఆమె కట్టదండి.” ఫోను బల్ల మీద బోర్లించి, “కడితే ఆమె ఆమె కాదు,” అన్నాడు.

అప్పుడు నాకు ఒళ్లు మండింది. అనకూడని మాట అనేశాను. “నిన్నెవరూ మోసం చెయ్యకుండా బతికావు నాయనా, చాలా గొప్ప. ముప్ఫై నాలుగేళ్లొచ్చాయి. ఎవరైనా నీకేమైనా ఇచ్చారా మరి?”

అతను ముందున్న మజ్జిగ గ్లాసు చేతిలో అటూ ఇటూ తిప్పాడు. నిండు గ్లాసు, తలకిందులు చెయ్యడానికి లేదు. మా అమ్మాయి నన్ను చూసి కళ్లెర్రజేసింది.

“సరే,” అన్నాను, గొంతు తగ్గించి. “ఆ దొంగ ఇంకా ఊరికే ఏం చెయ్యనిస్తాడు? చదువు.”

చదివాడు. సొంతమాట ఒక్కటి రాయడానికి లేదు. పరిచయంలో ఒక్క అక్షరం మార్చడానికి లేదు. వాళ్లు రాసిపెట్టిన మాటలు నాలుగైదున్నాయి, అవి నొక్కొచ్చు: ‘హాయ్’, ‘వావ్!’, ‘మీ నవ్వు బాగుంది’, ‘వీకెండ్ ఎలా గడిచింది?’, ‘నా కొత్త ఫోటో చూశారా?’ ఫోటో మాత్రం ఊరికే మార్చుకోవచ్చు.

“ఐతే నంబరు అట్టముక్క మీద రాసి పట్టుకుని ఫోటో దిగు.”

“అంకె గానీ అక్షరం గానీ కనిపిస్తే మెషీన్ పట్టేస్తుందండి. ఇరవై రెండో రూలు.”

నేను లేచి పొయ్యి కట్టేశాను. “చుక్కలు కనిపిస్తే?”

“ఏం చుక్కలండి?”

“ముగ్గు.”

అతను నన్ను చూశాడు. ఫోను చూశాడు. ఇరవై రెండో రూలు మొదటినించి మళ్లీ చదివాడు. “ఆయుధాలు, జెండాలు, పసిపిల్లలు, పాములు, చొక్కా లేని మొగాళ్లు...” వేలు ఆగింది. “ముగ్గు లేదండి.”

“ఎవరి నంబరు పెట్టమంటావు?”

“మీదేనండి. నాది ఎవరికీ ఇవ్వను. ఆ ఫోటో దేశమంతా చూస్తుంది.”

అల్లుడి చేత కారు బయట పెట్టించాం. “అత్తయ్యగారూ, వర్షంలో కారు ఎందుకండీ?” అని అతను అడిగితే, “ముగ్గెయ్యాలి,” అన్నాను. ఇంకేమీ అడగలేదు. మంచివాడు. గరాజులో గచ్చు తుడిచాను. పురుగుపట్టిన బియ్యప్పిండి పారెయ్యకుండా డబ్బాలో దాచి ఉంచాను, దానికి ఆ రోజొచ్చింది. సెల్ నంబర్లలో మొదటి సున్నా, నాలుగు ఈ దేశంలో అందరికీ ఒకటే కాబట్టి వదిలేశాం. మిగిలిన ఎనిమిది అంకెలకి ఎనిమిది వరుసలు. ఒక్కో వరుసలో అంకె ఎంతో అన్ని చుక్కలు. సున్నా ఉన్నచోట ఒక చిన్న పువ్వు.

నేను ఏడో ఏట ముగ్గు చేతపట్టాను. చుక్కలంటే ఒకటి, మూడు, అయిదు, ఏడు అని మెట్టుమెట్టుగా పెరిగి, మెట్టుమెట్టుగా తగ్గాలి. ఇది రెండు చుక్కలు, వెంటనే తొమ్మిది, ఆ తరవాత ఒకటి, దాని కింద పువ్వు. ఇంట్లోకి వచ్చే లక్ష్మి కూడా చూసి పక్కింటికి పోయేట్టుంది. అతను చేతులు వెనక్కి కట్టుకుని ప్రతి వరుసా లెక్కపెట్టాడు, ముందు పైనుంచి కిందికి, తరవాత కిందనుంచి పైకి.

“కరెక్ట్ అండి,” అని నిచ్చెన తేవడానికి వెళ్లాడు, పైనుంచి ఫోటో తియ్యాలని. ఈలోపల నేను అక్కడక్కడ చెదిరిన చుక్కలు వేలితో సర్దాను.

మా అమ్మాయి తలుపు దగ్గర నిలబడి, “అమ్మా, దిస్ ఈజ్ క్రేజీ. ఆ అమ్మాయికి ముగ్గు అనేది తెలుసో లేదో! పెర్త్‌లో ఉంటుంది,” అంది.

“సంచులు ఆరేసే పిల్లకి ముగ్గు రాదూ?” అన్నాను. పైకి అన్నాను గానీ నాకూ దిగులుగానే ఉంది.

నిచ్చెనెక్కి ఫోటో తీశాడు. యాప్‌కి ఎక్కించాడు. రెండు నిమిషాలు చెంచాలు గిరగిరా తిరిగాయి. మేం ముగ్గురం వాటి మీదికి వంగి చూశాం. ‘అందమైన చిత్రం! ఆమోదించాం’ అని వచ్చింది. తరవాత ‘నా కొత్త ఫోటో చూశారా?’ అన్న మాట నొక్కాడు.

పావుగంటకి జవాబు వచ్చింది. ‘వావ్!’ అని. పక్కన చెయ్యి ఊపే కంగారూ బొమ్మ. డబ్బు కట్టని ఆమె దగ్గరున్నవీ ఆ నాలుగైదు మాటలే కదా. ఆ వావ్ లెక్కపెట్టి అన్నదో, లెక్కపెట్టకుండా అన్నదో ఎవరికి తెలుసు? సాయంత్రమైంది. నా ఫోను బల్ల మీద పెట్టుకుని కూచున్నాం. ఒక్కసారి మోగింది. సోలార్ పలకలు అమ్మేవాడు. ఆ అబ్బాయికి కాఫీ ఇచ్చాను. తాగి కప్పు బల్ల మీద పెట్టేశాడు. తిప్పి చూడలేదు.

అప్పటికి మా ఇంట్లో ఉండి ఏడాదిన్నర. ఏ రోజూ అలా చెయ్యలేదు. కప్పు తీసుకెళ్లి కడిగేశాను.

మర్నాడు ఆదివారం. ఆరున్నరకే వచ్చి బల్ల దగ్గర కూచున్నాడు, తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని. ఎందుకో అడగలేదు. ఇడ్లీ పెట్టాను. ఏడైంది. ఏడుంపావైంది. యాప్ తెరిస్తే ఆమె ఫోటో పక్కన గడియారం బొమ్మ, అందులో నిమిషాలు తగ్గుతున్నాయి. అతను జేబులోంచి కార్డు తీశాడు. బల్ల మీద పెట్టాడు. దాన్ని వెనక్కి తిప్పాడు, ముందుకి తిప్పాడు.

ఏడూ నలభైకి నా ఫోను మోగింది. పెర్త్‌లో అప్పటికి అయిదూ నలభై.

“ఎవరు?” అన్నాను, కటువుగానే. సోలార్‌వాడనుకున్నాను.

“నమస్కారమండీ,” అంది ఆడగొంతు. “ముగ్గు పెట్టిన మామ్మగారేనా?”

“అవును. నువ్వెవరు?”

“కానింగ్ వేల్ నించండీ. సారీ, ఇంత లేటైంది. నిన్న లెక్కపెట్టి చేస్తే ఎవరో పెద్దాయన ఎత్తాడు. కేకలేశాడు. తప్పు లెక్కపెట్టానేమోనని నాలుగుసార్లు చూశాను. పొద్దున్న మెలకువ వస్తే మళ్లీ చూశాను. మొత్తం ముగ్గులో అయిదో వరుస, ఆరో వరుస మాత్రమే సమానంగా ఉన్నాయండీ. మా అమ్మమ్మ కూడా అంతే. వంకరగా ఉంటే చూస్తూ ఊరుకోలేదు, తెలియకుండా చుక్క పెట్టేస్తుంది. అందుకని అయిదో వరుసలో ఒకటి తగ్గించి చేశాను, ఎవరూ ఎత్తలేదు. ఆరో వరుసలో తగ్గించి ఇప్పుడు మీకు చేశాను.”

నేను నా చూపుడువేలు చూసుకున్నాను. సర్దినప్పుడు నా చెయ్యి పెట్టిన చుక్క. నాకు తెలియనే తెలియదు.

“ఆ సంచులు ఎన్నిసార్లు కడుగుతావమ్మా?” అన్నాను.

“చిరిగేదాకా అండీ.”

ఫోను అతనికిచ్చాను. అతను దాన్ని చేతిలోకి తీసుకుని, వెనక్కి తిప్పి, ఒకసారి చూసి, మళ్లీ తిప్పి చెవి దగ్గర పెట్టుకున్నాడు. “హలో,” అన్నాడు. తరవాత వింటూ కూచున్నాడు.

ఎనిమిదింటికి బల్ల మీద అతని ఫోనులో ఆమె ఫోటో మాయమైంది. ఎవరూ చూడలేదు. నేను చీపురు, చేట తీసుకుని గరాజులోకి వెళ్లాను. పిండి ఎత్తి, జల్లించి, మళ్లీ డబ్బాలో పోసుకున్నాను. మా అల్లుడు కారు లోపల పెట్టాడు.